ఎంఎస్ ఉన్న మనిషి వ్యాయామం చేయొచ్చా? చేస్తే నరం మీది పొర మళ్ళీ వస్తుందా?

గుంటూరు నుంచి ఒకాయన అడిగారు. వాళ్ళావిడకు 34 ఏళ్ళు. రెండేళ్ళ కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు. ఆర్నెల్లకోసారి ఆస్పత్రిలో సెలైన్‌తోపాటు మందు ఎక్కిస్తున్నారు. కాస్త దూరం నడిస్తే కుడికాలు ఈడుస్తుంది, ఎండలోకి వెళ్తే కళ్ళు మసకబారతాయి. వ్యాయామం చేస్తే నరాల మీద పోయిన పొర మళ్ళీ పెరుగుతుందని ఈయన ఎక్కడో చదివారు. వాళ్ళమ్మగారు మాత్రం నరం ఇంకా దెబ్బతింటుందని కోడల్ని మంచం దిగనివ్వడం లేదు. "ఇద్దరిలో ఎవరిది నిజం?" అని ఆయన ప్రశ్న.

నేను ఫిజియోథెరపిస్టుని. పందొమ్మిదేళ్ళుగా నరాల జబ్బులున్నవాళ్ళతోనే పని చేస్తున్నాను, మొదట గుంటూరులో, ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో. మందుల సంగతి నాకు తెలిసినంత వరకే చెబుతాను, అందులో మీ న్యూరాలజిస్టు మాటే ఖాయం.

ముందు సూటిగా చెప్పేస్తాను. వ్యాయామం చేయించండి. దానివల్ల నరం దెబ్బతినదు, జబ్బు తిరగబెట్టదు. పొర మళ్ళీ వస్తుందా అంటే, ఎలకల్లో వచ్చింది. మనుషుల్లో వచ్చిందని ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా నిరూపించలేదు. పొర మాట పక్కన పెట్టినా మీ ఆవిడ మంచం దిగడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఎంత చేయించాలి, ఏ వేళ చేయించాలి, ఎక్కడ ఆపాలి అన్నదే అసలు విషయం. అది తెలియకుండా మొదలుపెడితే మీ అమ్మగారి మాటే నిజమైనట్టు కనిపిస్తుంది.

అమ్మగారిని తప్పు పట్టకండి. ఒకప్పుడు డాక్టర్లూ ఆ మాటే చెప్పేవారు. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఒక సంగతి గమనించాడు. ఈ జబ్బున్నవాళ్ళు కాస్త శ్రమపడగానే చూపు మసకబారుతోంది, కూర్చుంటే మళ్ళీ తేటపడుతోంది. శ్రమే చెరుపు చేస్తోందనుకున్నారు. అసలు కారణం ఒళ్ళు వేడెక్కడమని తర్వాత తేలింది. ఎమ్మారై లేని రోజుల్లో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసి జబ్బును అంచనా వేసేవారు కూడా. "అలిసిపోవద్దు, పడుకో" అన్న సలహా మాత్రం దాదాపు వందేళ్ళు అలాగే నడిచింది. 1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు 54 మందిని తీసుకుని, అందులో కొందరితో 15 వారాలపాటు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు వ్యాయామం చేయించారు. జబ్బు ముదిరినట్టు కనిపించలేదు. దమ్ము పెరిగింది, కాళ్ళకూ చేతులకూ బలం వచ్చింది, దిగులు తగ్గింది. గాలి మళ్ళింది అప్పటినుంచే. 2014లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసినప్పుడు కూడా వ్యాయామం చేసినవాళ్ళకు జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టిన దాఖలా కనిపించలేదు.

మరి నడిస్తే కాలు ఎందుకు ఈడుస్తుంది, కళ్ళు ఎందుకు మసకబారతాయి? ఇది ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మన డెల్టాలో కాలువ గట్టుకు బొరియలు పడితే పైన ఎంత నీళ్ళు వదిలినా చివరి చేలకు అందవు కదా. నరం మీద మైలిన్ అనే పొర పోయినచోట అదే జరుగుతుంది. మెదడు పంపిన సంకేతం దారిలో కారిపోయి, కాలి మునివేళ్ళ దాకా బొటాబొటీగా చేరుతుంది. ఒళ్ళు వేడెక్కితే నరంలోకి సోడియాన్ని రానిచ్చే ద్వారాలు మామూలుకంటే త్వరగా మూసుకుంటాయి. పొర బాగున్న నరానికి ఆ తేడా లెక్కే కాదు. అసలే బొటాబొటీగా నడుస్తున్న నరానికి మాత్రం అర డిగ్రీ వేడి పెరిగినా చాలు, సంకేతం మధ్యలోనే ఆగిపోతుంది. ఒళ్ళు చల్లబడగానే మళ్ళీ వెళ్తుంది. ఇది తాత్కాలికంగా దారి మూసుకోవడమే, కొత్తగా నరం తెగడం కాదు.

ఒక పెద్దమనిషి ఉదాహరణ చెబుతాను. మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు, మాటకు కట్టుబడే రకం. నడవమన్నానని మే నెల సాయంత్రం నాలుగింటికే ప్రకాశం బ్యారేజీ మీద నడక మొదలుపెట్టాడు. పైన ఎండ, కింద కాంక్రీటు సెగ. సగం దూరం వెళ్ళేసరికి కుడికంటి ముందు పొగ కమ్మినట్టయింది. రెయిలింగు పట్టుకుని నిలబడి, ఆటో ఎక్కి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "చూపు పోయిందండీ, మీరు నడవమన్నారు" అన్నాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టి, మెడ మీద తడి తువ్వాలు వేసి, చల్లటి మజ్జిగ ఇచ్చాను. నలభై నిమిషాలు పట్టింది. గోడ మీది క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు ఆయనే చదివి వినిపించాడు. తప్పు నాదే. నడవమని చెప్పాను గానీ ఎన్ని గంటలకో చెప్పలేదు. ఆయన ఇప్పటికీ నడుస్తున్నాడు, తెల్లారగట్ల అయిదింటికి.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. పనిలో చేరిన మూడో ఏడు. పక్షవాతం వచ్చినవాళ్ళకు చేయించి చేయించి "ఇంకో పది, ఇంకో పది" అనడం నోటికి అలవాటైపోయింది. ఎంఎస్ ఉన్న పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది. మొదటిరోజే నలభై నిమిషాలు చేయించాను. నవ్వుతూ చేసింది, నేనూ మురిసిపోయాను. మర్నాడు వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి, "అమ్మాయి లేవలేదండీ, దువ్వెన కూడా ఎత్తలేకపోతోంది" అన్నారు. నాలుగు రోజులకు మామూలైంది. కానీ ఆ ఇంట్లో వ్యాయామం అన్న మాటకే భయం పట్టుకుంది, మూడు నెలలు మళ్ళీ రాలేదు. ఆ మూడు నెలల్లో కాళ్ళు సన్నబడ్డాయి.

అప్పటినుంచి నేను పెట్టుకున్న కొలత ఒకటే: మర్నాటి ఉదయం. వ్యాయామం అయ్యాక అలసట, తిమ్మిరి, మసక ఏది వచ్చినా గంటా రెండు గంటల్లో సర్దుకోవాలి. మర్నాడు లేచేసరికి మనిషి ఎప్పటిలా ఉండాలి. ఉంటే మోతాదు సరిపోయినట్టే, వారం తర్వాత కొంచెం పెంచుకోవచ్చు. లేకపోతే సగానికి తగ్గించండి, అంతేగానీ మానేయకండి. చేస్తున్నప్పుడు ఎలా ఉందని అడిగి లాభం లేదు, ఎంఎస్ అలసట చాలాసార్లు అప్పటికప్పుడు తెలియదు.

ఇక మీరు చదివిన పొర సంగతి. ఇది నాకు ఇష్టమైన విషయం, కాస్త సాగదీస్తాను.

పెద్దవాళ్ళ మెదడులో కూడా మైలిన్ తయారుచేసే కణాలుగా మారగల మూలకణాలు ఉంటాయి. మెదడులోని కణాల్లో అవి సుమారు 5 శాతం. ఎంఎస్‌లో పొర పోయినచోటికి ఇవి చేరి కొత్త పొర వేయడానికి ప్రయత్నిస్తాయి. కొంతవరకు వేస్తాయి కూడా. కాకపోతే కొత్త పొర పాతదానికంటే పలచన, పొట్టి. వయసు పెరిగేకొద్దీ ఈ మరమ్మతు మందగిస్తుంది. శాస్త్రవేత్తల ప్రశ్నల్లా ఈ కణాలను పనిలోకి దించేది ఏమిటని.

2014లో రెండు జవాబులు వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఎలకల మెదడులో కదలికను నడిపే నరకణాలను వెలుగుతో ఉత్తేజపరిస్తే, ఆ నరాల చుట్టూ కొత్త మైలిన్ కణాలు పుట్టాయి, పొర మందమైంది. లండన్‌లో ఇంకో బృందం మెట్లు అడ్డదిడ్డంగా ఉన్న చక్రం మీద ఎలకలను పరిగెత్తించింది. కొత్త మైలిన్ కణాలు పుట్టకుండా ఆపిన ఎలకలు ఆ విద్య సరిగా నేర్చుకోలేకపోయాయి. అంటే నరాన్ని వాడుతుంటే పొర వస్తుంది, కొత్త పని నేర్వాలంటే పొర కావాలి.

అవి ఆరోగ్యంగా ఉన్న ఎలకలు. దెబ్బతిన్నవాటి మాటేమిటి? 2018లో కెనడాలోని కాల్గరీ బృందం ఎలకల వెన్నుపాములో కొంతమేర మైలిన్‌ను కరిగించి, కొన్నిటికి పరిగెత్తే చక్రం ఇచ్చింది. పరిగెత్తినవాటిలో పొర త్వరగా, మందంగా వచ్చింది. క్లెమాస్టిన్ అనే మందు కూడా కలిపితే ఇంకా బాగా వచ్చింది. 2020లో కొలరాడో బృందం చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. సన్నటి సందులోంచి ముంగాలు చాచి గింజను అందుకోవడం ఎలకలకు నేర్పారు. మైలిన్ ఇంకా పోతూ ఉన్న సమయంలో నేర్పితే మేలు కనిపించలేదు. కాస్త ఆగి నేర్పితే పొర మరమ్మతు పెరిగింది. కొత్త కణాలే కాదు, దెబ్బను తట్టుకుని మిగిలిన పాత కణాలు కూడా మళ్ళీ పొర వేయడం మొదలుపెట్టాయి. ఏం చేయించామన్నదే కాదు, ఎప్పుడు చేయించామన్నది కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ ఇంత సాఫీగా లేదు. బతికున్న మనిషి వెన్నుపాము కోసి చూడలేం కదా. స్కానింగులతోనో, కంటికి గళ్ళబొమ్మ చూపించి సంకేతం మెదడుకు ఎన్ని మిల్లీసెకన్లలో చేరిందో కొలిచే పరీక్షతోనో అంచనా వేయాలి. 2021లో డెన్మార్క్‌వాళ్ళు 86 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 24 వారాలు గట్టి వ్యాయామం చేసినవాళ్ళలో కూడా మెదడు పరిమాణంలో తేడా ఏమీ కనిపించలేదు. జబ్బు తిరగబెట్టడం మాత్రం వాళ్ళలో తక్కువగా ఉంది. 2023లో ఆరు దేశాల్లో, జబ్బు క్రమంగా ముదిరే రకం ఉన్న 311 మందికి 12 వారాలపాటు వ్యాయామం, మెదడుకు శిక్షణ కలిపి ఇచ్చి చూశారు. ఆలోచన వేగం విషయంలో ఆ జోడీ మిగతా పద్ధతులకంటే మెరుగని తేలలేదు. ఈ రెండూ చదివినప్పుడు నాకూ నిరుత్సాహం కలిగింది. కానీ నిజం చెప్పాలంటే ఇవీ చెప్పాలి. "వ్యాయామంతో మైలిన్ తిరిగి వస్తుంది" అని బోర్డు పెట్టి ప్యాకేజీ అమ్మేవాళ్ళు వీటి ఊసెత్తరు.

క్లెమాస్టిన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఏడాది ముగ్గురు అడిగారు. అది పాతకాలపు ఎలర్జీ మందు. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 మంది మీద చేసిన ప్రయోగంలో కంటి సంకేతం 1.7 మిల్లీసెకన్లు త్వరగా చేరింది. చిన్న తేడానే, అయినా మందుతో మనుషుల్లో పొర మరమ్మతు సాధ్యమని ఆశ పుట్టించిన ఫలితం అది. కానీ తర్వాత, జబ్బు ముదిరే రకం ఉన్నవాళ్ళ మీద చేసిన మరో ప్రయోగంలో కొందరికి ఆ మందుతో పరిస్థితి వేగంగా దిగజారి, దాన్ని ఆపేయాల్సి వచ్చింది. మీ అంతట మీరు కొని వాడకండి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లని లక్షలు అడిగేవాళ్ళ దగ్గరికైతే అసలు వెళ్ళకండి.

పొర సంగతి తేలకపోయినా వ్యాయామం ఎందుకంటే, మీ ఆవిడ కాలు బలహీనతలో రెండు వాటాలున్నాయి. ఒకటి నరం వాటా. రెండోది వాడకపోవడంవల్ల వచ్చిన వాటా. మొదటిది నా చేతిలో లేదు. రెండోది చాలావరకు వెనక్కి రాబట్టొచ్చు. రెండేళ్ళు మంచం, కుర్చీ తప్ప ఎరగని మనిషిలో రెండో వాటాయే పెద్దదని నా అనుభవం. ఇంటర్మీడియట్ కాలేజీలో చెప్పే ఒక లెక్చరర్ వచ్చినప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయేది. అయిదు నెలలకు రెండో అంతస్తులోని క్లాసుకు మెట్లెక్కి వెళ్ళింది, మధ్యలో ఒకచోట ఆగి. అప్పుడు తీసిన ఎమ్మారైలో, పొర పోయినచోట్ల కనిపించే మచ్చలు పాతవే, అన్నే ఉన్నాయి.

మా దగ్గరికి ఎవరైనా వస్తే నేను ఎమ్మారై కవరుకంటే ముందు గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూస్తాను. కుడికాలు ఈడ్చేవాళ్ళకు కుడి చెప్పు బొటనవేలి దగ్గర నున్నగా, పలచగా అరిగిపోయి ఉంటుంది. ఎడమది మామూలుగా మడమ వైపు అరుగుతుంది. హవాయి చెప్పులైతే నడుస్తుండగానే జారిపోతాయి. కాలికి స్పర్శ తగ్గినవాళ్ళకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నాలుగడుగులు వేశాక నేల చల్లగా తగిలి వెనక్కి చూసుకుంటారు. మీరు కూడా ఇవాళ చెప్పులు తిరగేసి చూడండి. అరుగుదల అలా ఉంటే పాదం ముందుభాగం పైకి లేవడం లేదని అర్థం. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి, హవాయి చెప్పులు మానిపించండి. ఎక్కువగా ఈడుస్తుంటే మడమ వెనకనుంచి పాదాన్ని ఎత్తిపట్టే ప్లాస్టిక్ పట్టీ, మేము ఏఎఫ్ఓ అంటాం, కొలత తీసి చేయించుకోవాలి. రెడీమేడ్‌ది కొంటే చాలామందికి ఒరుసుకుని పుండవుతుంది.

ఇక ఇంట్లో ఏం చేయించాలి. కెనడావాళ్ళు 2013లో ఇచ్చిన సూచన నాకు తేలికగా అనిపిస్తుంది: వారంలో రెండు రోజులు అరగంట చొప్పున ఒంట్లో కాస్త వేడి పుట్టే నడకో సైకిలో, రెండు రోజులు కండరాల బలానికి. అది చేరాల్సిన చోటు. మొదలుపెట్టేది మాత్రం అక్కడినుంచి కాదు.

నడక. మూడు నిమిషాలు నడవడం, రెండు నిమిషాలు కూర్చోవడం. అలా మూడుసార్లు చాలు. కాలు ఈడవడం మొదలుకాకముందే కూర్చోవాలి, మొదలయ్యాక కాదు. ఈడుస్తూ నడిస్తే ఆ ఈడ్చే నడకే అలవాటవుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం సరిపోతుంది.

కుర్చీ. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి కూర్చోవడం, అయిదుసార్లు. రాకపోతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నెమ్మదిగా దిగడంలోనే అసలు బలం వస్తుంది.

వంటగట్టు. గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, ఆ తర్వాత మునివేళ్ళు ఎత్తి దించడం. రెండోది కుడికాలికి రాదు, అయినా మెదడుతో ఎత్తడానికి ప్రయత్నించమనండి. పిక్కలు బిగుసుకుపోయి ఉంటే గోడకు చేతులానించి ఒక కాలు వెనక్కి చాచి అర నిమిషం పట్టి ఉంచాలి.

బ్యాలెన్స్ కోసం గోడ మూలలో నిలబెట్టండి, ఎటు తూలినా గోడే ఉంటుంది. మీరు ముందు ఉండండి.

ఎలకల ప్రయోగాల నుంచి నేను తెచ్చుకున్నది ఒకటుంది. చేసిందే చేయించకుండా కొత్తగా నేర్చుకునేది ఏదో ఒకటి కలుపుతాను. నిరూపణ అయిన విషయం అని చెప్పను, నష్టం లేదు, పైగా విసుగు పుట్టదు. ఇంట్లో టైల్స్ ఉంటాయి కదా, ఒకటి వదిలి ఒకటి మీద అడుగు వేయించండి. వారం తర్వాత పక్కకు, ఆ తర్వాత వెనక్కి. అది వచ్చాక నడుస్తూ వందలోంచి మూడేసి తీసేస్తూ లెక్క చెప్పమనండి. నా దగ్గరికి వచ్చే ఒకావిడ చుక్కల ముగ్గు వేసే పద్ధతిలో అడుగులు తనే అల్లుకుంది. ఆవిడ వేస్తుంటే చూసి నేను మిగతావాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను.

వేళ, వేడి. మన దగ్గర ఇదే సగం వైద్యం. మార్చి నుంచి జూన్ దాకా తెల్లారగట్ల అయిదు, ఆరున్నర మధ్యలో ముగించండి. సాయంత్రం మేడ మీద నడిపించకండి, పగలంతా కాగిన స్లాబు రాత్రి ఎనిమిదింటికి కూడా సెగ కక్కుతుంది. మొదలుపెట్టే అరగంట ముందు పాదాలు, ముంజేతులు చల్లటి నీళ్ళ బకెట్లో ఉంచితే చాలామంది ఎక్కువసేపు చేయగలుగుతారు. మెడ చుట్టూ తడిగుడ్డ మంచిదే. కానీ ఉక్కపోత రోజుల్లో తడి ఆరదు కాబట్టి పెద్దగా చల్లబరచదు, కూలర్ అయితే గదిలో చెమ్మ ఇంకా పెంచుతుంది. అలాంటి రోజు ఏసీ ఉంటే ఆ గదిలో, లేకపోతే ఐసు వేసిన నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతూ చేయించండి. వేడినీళ్ళ స్నానం చేసిన వెంటనే చేయించొద్దు. బాత్‌రూమ్‌లో ఒక ప్లాస్టిక్ స్టూలు వేయండి, మావాళ్ళలో కిందపడేవాళ్ళు ఎక్కువగా పడేది అక్కడే.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఎంఎస్‌లో మూత్రం ఆపుకోలేకపోవడం చాలామందికి ఉంటుంది. మన ఆడవాళ్ళు ఆ సంగతి మొగుడికి కూడా చెప్పరు, బయటికెళ్ళాలంటే పొద్దుటినుంచి నీళ్ళు మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం, కాళ్ళు ఒక్కసారిగా చచ్చుబడటం. ఇంట్లోవాళ్ళేమో వ్యాయామంవల్లే అంటారు. మీ ఆవిణ్ణి నెమ్మదిగా అడగండి. మూత్రాన్ని పట్టి ఉంచే కటి కండరాలకు వ్యాయామాలున్నాయి, మందులున్నాయి. మీతో చెప్పకపోతే ఆడ ఫిజియో ఎవరితోనైనా మాట్లాడించండి.

అలసట గురించి మీ అమ్మగారితో మీరే మాట్లాడాలి. ఎంఎస్ అలసట పనిచేసి అలిసిపోయినట్టు ఉండదు. ఏమీ చేయకపోయినా మధ్యాహ్నానికి ఒంట్లో కరెంటు పోయినట్టుంటుంది. కొన్ని ఇళ్ళలో దాన్ని బద్ధకమంటారు. మీ ఇంట్లో పొరపాటు ఇంకోవైపు ఉంది, ప్రేమతో కూర్చోబెట్టేశారు. రెండింటికీ మధ్యలో రోజును పంచుకోవాలి. కూరలు కూర్చుని తరగడం, బట్టలు మడతపెట్టడం, వంటలో సగం తను, సగం అత్తగారు. పొద్దున చేసిన వ్యాయామానికి తగ్గట్టు పదకొండింటికి అరగంట నడుం వాల్చడం. పెద్దావిడకు ఒక పని అప్పగించండి: చేతిలో గడియారం పెట్టుకుని మూడు నిమిషాలు కాగానే "ఇక కూర్చో అమ్మా" అనడం. ఇది నేను ఇద్దరు ముగ్గురు అత్తగార్లతో చేయించాను. కూర్చోమనే హక్కు తన చేతిలో ఉంటే నడవడానికి ఆవిడే ఒప్పుకుంటుంది.

ఎప్పుడు ఆపి డాక్టర్ని కలవాలి. జ్వరం లేకుండా, ఒళ్ళు వేడెక్కకుండా కొత్త లక్షణం ఏదైనా వచ్చి 24 గంటలు దాటినా తగ్గకపోతే. ఒక కన్ను నొప్పితో మసకబారితే, కొత్తగా ఇంకో కాలో చెయ్యో తిమ్మిరెక్కితే, మూత్రం బిగపట్టేస్తే ఆగకండి. అది నిజంగా జబ్బు తిరగబెట్టడం కావచ్చు, స్టెరాయిడ్ ఇవ్వాల్సి రావచ్చు. ఆ రోజుల్లో నేను కీళ్ళు బిగుసుకోకుండా కదిలించడం తప్ప ఇంకేమీ చేయించను. డాక్టర్ సరే అన్నాక కింది మెట్టునుంచి మళ్ళీ మొదలు.

ఆర్నెల్ల మందు మాత్రం న్యూరాలజిస్టు చెప్పకుండా మీ అంతట మీరు మానిపించకండి. కొత్తగా పొర పోకుండా కాపలా కాసేది అదే. బాగా నడుస్తున్నాను కదా అని మందు వదిలేసిన కుర్రాడు ఒకడు ఏడాదికల్లా చేతికర్రతో తిరిగి వచ్చాడు.

చివరగా ఒక కాగితం పని. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు విడిగా ఉంది. పైకి బాగానే కనిపిస్తున్నారు కదా అని ఎవరైనా తిప్పి పంపితే ఆ మాట చెప్పండి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి స్లాట్ తీసుకుని, న్యూరాలజిస్టు రాసిన కాగితాలు, ఎమ్మారై రిపోర్టు పట్టుకెళ్ళండి. చాలా సదుపాయాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.

ఇప్పుడు మీరు నాకు మూడు సంగతులు రాయండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి మీ ఆవిడకు ఎన్ని సెకన్లు పట్టింది, పొద్దున ఇంట్లో ఎన్ని నిమిషాలు నడిచాక కాలు ఈడవడం మొదలైంది, గత ఆర్నెల్లలో ఎన్నిసార్లు పడింది. వీటితోపాటు తిరగేసిన చెప్పుల ఫోటో ఒకటి పెట్టండి. పాతవే పెట్టండి, కొత్తగా కొన్నవి కాదు.